తుపాకి ఆయనది, డబ్బా నాది

మార్చి 3

దిగులు నోటితో చెప్పాలంటే మా ఇంట్లో అరవాలి. అరిచి చెబితే దిగులు కూడా దెబ్బలాటలా వినబడుతుంది. అందుకని ఇందులో రాసుకుంటున్నా. విత్తనాల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన పుస్తకం, ఎనిమిదో తరగతి చేతిరాత. ఎవరూ చూడక్కర్లేదు.

ఇవాళ మా ఆయన వెర్లన్ బోరు షెడ్డు దగ్గర వంగి పైపు బిగిస్తున్నాడు. నేను బంగాళాదుంపలు కడిగిన నీళ్ళు పారబోద్దామని వంటింటి మెట్ల మీదికొచ్చాను. ఆయన కాలికి మూరెడు దూరంలో పాము చుట్ట చుట్టుకుని తోక గలగలలాడిస్తోంది. మెట్ల మీద నాకే వినబడుతోంది. ఆయనకి లేదు. పేరు పెట్టి అరిచాను. పైపు బిగిస్తూనే ఉన్నాడు. ఇంకేం తోచక చేతిలో గిన్నె ఆయన వీపు మీదికి విసిరాను. "పిచ్చి పట్టిందటే ముసలిదానా" అంటూ నా మీదికి ఒక అడుగు వేశాడు. ఆ అడుగే కాపాడింది.

పారతో పామును కొట్టాక, గిన్నె సొట్ట పోయిందని నన్నే తిట్టాడు. పాము ఊసే ఎత్తలేదు. భోజనం దగ్గర మాత్రం అడిగాడు.

"అది తోక ఆడించిందా?"

"ఆడించింది."

"గట్టిగానా?"

"గట్టిగానే."

మొక్కజొన్న రొట్టె సగం వదిలేశాడు.

మార్చి 4

షెడ్డు చుట్టూ గడ్డి నేనే కోసేశాను. ఒకటి ఉందంటే ఇంకొకటి ఉండదా.

మార్చి 7

చెవి డాక్టరు దగ్గరికి విచిటా ఫాల్స్ వెళ్ళాం. మా అమ్మాయి డార్లా తన సెలూన్ మూసుకుని కారు నడిపింది. డాక్టరు చిన్నమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆయన తలూపుతూ కూర్చున్నాడు. వినబడనప్పుడే ఆయన అలా తలూపుతాడు.

ఎడమ చెవి పూర్తిగా పోయిందట. మెషీను పెట్టినా లాభం లేదట. కుడిది ఇంకా ఉంది గానీ పోయినేటి కంటే దిగిపోయింది. తుపాకి మానకపోతే ఇదీ పోతుందంది. ఎడమది పోవడానికి ఇన్నేళ్ళ తుపాకి మోతే కారణమని ఆమెకి అర్థమైంది. ఎన్నో ఏళ్ళు నిలిచిన కుడిది ఇప్పుడెందుకు ఇంత తొందరగా పోతోందో ఆమెకీ తెలియలేదు.

దారిలో డార్లా అదంతా మళ్ళీ గట్టిగా చెప్పింది. "విన్నాను" అన్నాడు. వినలేదు.

మార్చి 8

పొద్దువాలే వేళ బండి తీశాడు. కాసేపటికి తుపాకి మోగింది. ఊడ్చిన వంటిల్లే మళ్ళీ ఊడ్చాను.

మార్చి 11

మెల్లగా అడుగుదామనుకున్నాను. మెల్లగా అడిగితే వినబడదు. కాబట్టి అరిచే అడిగాను, ఈ ఏడు అడవిపందుల్ని వదిలెయ్యమని.

"వదిలేస్తాలే. నువ్వు వెళ్ళి వాటికో మాట చెప్పిరా, మా ఆయనకి చెవి బాగోలేదు, ఈ ఏడు మా వేరుశెనగ జోలికి రావద్దని."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన చెప్పేది అబద్ధమేం కాదు. పోయినేడు విత్తిన వారంలోనే గుంపు దిగి, సాలు వెంట సాలు, మనిషి కూర్చుని ఏరినట్టు గింజ గింజా ఏరుకు తిన్నాయి. పొలమంతా మళ్ళీ విత్తాల్సొచ్చింది. పోనీ చెవులకి మూతలు పెట్టుకోమంటే పెట్టుకోడు. పొదల్లో పంది గురగుర వినబడదట. మిగిలిన ఆ కాస్త చెవితో పందుల్ని వింటాడు, నన్ను వినడు.

ఆ తుపాకి మీదే నా కోపమంతా. భుజం ఆపరేషన్ అయ్యాక పొడుగు తుపాకి బండి కిటికీలో తిప్పలేకపోతున్నానని, సర్కారు అనుమతి తెప్పించుకుని మరీ ఈ పొట్టిది కొన్నాడు. గొట్టం ఎంత పొట్టిదైతే మోత అంతగా మొహం మీదికొస్తుంది. కొనేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. సైలెన్సర్ పెట్టించుకో, ఊళ్ళో అందరూ పెట్టించుకుంటున్నారుగా, అన్నాను.

"పొట్టిదని కొనుక్కుని, మళ్ళీ దానికో ముక్కు అతికించమంటావా? నాకు బాగానే వినబడుతోంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన వదిలేసిన కుళాయి సింకులోంచి పొంగి కింద పడుతోంది. నాకు వినబడింది.

మార్చి 14

డార్లా దగ్గరికని చెప్పి తుపాకుల షాపుకి వెళ్ళొచ్చాను. షాపు గార్లండ్‌ది, కౌంటరు దగ్గర వాళ్ళ అక్క రోండా కూర్చుంటుంది. చిన్నప్పుడు చర్చిలో నా దగ్గర బైబిలు కథలు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు తనకీ జుట్టు నెరిసింది. నన్ను గుమ్మంలో చూసి ఎవరో పోయారని చెప్పడానికొచ్చాననుకుందట.

వాటిని వాళ్ళు డబ్బాలంటారు. తువ్వాలు పరిచి వరసగా పెట్టింది. ఒకటి రొట్టెల కర్రంత పొడుగు. ఒకటి పొట్టిగా లావుగా పాలడబ్బాలా ఉంది. ఒకటి మధ్యరకం. పొడుగైతే మోత తక్కువ, బరువెక్కువ. పొట్టిదైతే తేలిక, గోల ఎక్కువ. ఏది మంచిదమ్మా అంటే, దేనికి మంచిది మిస్ ఒలీటా, అని నన్నే అడిగింది. పందులకా, పందేనికా, పక్కింటివాళ్ళు ఫిర్యాదు చెయ్యకుండా ఉండటానికా?

"మా ఆయన చెవికి" అన్నాను.

అలాగైతే పొడుగుదే తీసుకోమంది. మా దగ్గర ఇంతకంటే నెమ్మదిది లేదంది. దాని పొడుగు దారంతో కొలుచుకుని తెచ్చుకున్నా.

మార్చి 15

కాగితం తువ్వాళ్ళ చుట్టలో ఉండే అట్టగొట్టం దారం పొడుగుకి కోసి చీపురు కర్రకి తొడిగాను. కర్ర మీద పొట్టి తుపాకి ఎంతుంటుందో అక్కడ గీత పెట్టుకున్నాను. బండిలో ఆయన సీట్లో కూర్చుని కిటికీలోంచి అటూ ఇటూ తిప్పి చూశాను. బయటి అద్దానికి తగులుతోంది. వంచితే తలుపుకి తగులుతోంది. పంది ఒకవైపు పారిపోతే ఈయన అద్దాన్ని కాల్చుకుంటాడు.

వెనక నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"పందుల్ని ఊడ్చిపారేద్దామనా?"

అద్దం తుడుస్తున్నానన్నాను. చీపురుతోనా, అన్నాడు. చీపురుతోనే, అన్నాను. తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం డార్లా ఫోన్ చేసింది. ఎలా ఉన్నావు, తిన్నావా అని కాసేపు అడిగి, మెల్లగా అంది: "అమ్మా, ఇవాళ ఏ వారమో చెప్పు."

మార్చి 18

మధ్యరకం డబ్బా పక్కన పెట్టించాను. ఆ పొడుగులో దొరికేవాటిలో అదే నెమ్మదిది అంది రోండా. ఇక స్థిమితంగా ఉండాలి. లేను. రెండుసార్లు లేచి పొయ్యి కట్టేశానో లేదో చూసొచ్చాను. పొయ్యి అసలు వెలిగించనేలేదు.

మార్చి 22

చర్చిలో ఇవాళ పాస్టరుగారి మాటలు నాకొక్కటీ ఎక్కలేదు. మా ఆయన్నే చూస్తూ కూర్చున్నా.

వెర్లన్ ఇదివరకు నా కుడిపక్కన కూర్చునేవాడు. ఈ మధ్య బల్ల అటు చివరకి మారాడు. మెడ ఎడమవైపుకి వాల్చి, కుడి చెవి ముందుకి పెట్టి, ఎడమ కన్నుతో చూస్తాడు. పాపం వినడానికే. కానీ అలా చూస్తుంటే పాస్టరు మీద తుపాకి గురిపెట్టినట్టే ఉంది. అప్పుడు తట్టింది నాకు. అచ్చం ఇలాగే కాలుస్తాడు. కుడి కంటికి చేసిన ఆపరేషన్ చెడిపోయాక, రెండేళ్ళుగా తుపాకి ఎడమ భుజానికి మార్చుకున్నాడు. కుడి భుజం మీద పెట్టినన్నాళ్ళూ ఎడమ చెవి గొట్టం వైపు ఉండేది, అది పోయింది. ఇప్పుడు మంచి చెవే గొట్టం వైపు పెట్టి కాలుస్తున్నాడు.

డాక్టరుకి భుజం సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రోండాకీ చెప్పలేదు. పాట పాడటానికి అందరూ లేచారు, నేను కూర్చునే ఉన్నాను. ఒంట్లో బాగోలేదేమోనని పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

మార్చి 24

షాపు తెరవకముందే వెళ్ళి కారులో కూర్చున్నా. ఎడమ భుజం అనగానే రోండా మొహం మారింది, లోపలినుంచి గార్లండ్‌ని పిలిచింది. అతను షాపువాళ్ళ పొట్టి తుపాకి ఒకటి, ఆయనదానిలాంటిదే, తెచ్చి చూపించాడు. కుడిపక్కన చిన్న కన్నం. కాల్చిన ఖాళీ తూటా అందులోంచి ఎగిరిపడుతుంది. కుడి భుజంవాడికి అది మొహానికి అవతలవైపు. ఎడమ భుజంవాడికి ముక్కు కిందే.

"డబ్బా పొగని బిగించి పట్టి ఉంచితే ముందువైపు నెమ్మదిస్తుంది మిస్ ఒలీటా. కానీ ఆ పొగ ఎక్కడికి పోతుంది? వెనక్కొచ్చి ఈ కన్నంలోంచి తన్నుతుంది. పొట్టి గొట్టమైతే మరీను. మీరు పక్కన పెట్టించారే, అది బాగా బిగించి పట్టే రకం."

ఆయనకి మిగిలిన చెవి కుడిది, మిగిలిన కన్ను ఎడమది. రెండూ ఆ కన్నం దగ్గరే. నా చేతులతో నేనే కొనుక్కెళ్ళి పెట్టేదాన్ని.

ఇంకో రకం ఉందన్నాడు. పొగని ఆపకుండా ముందుకి సాగనంపుతుందట. దూరం నుంచి వినేవాళ్ళకి మోత ఎక్కువే, కాల్చేవాడి చెవి దగ్గర మాత్రం తక్కువ. పొడుగు మధ్యరకమే, అద్దానికి తగలదు. నేను నమ్మలేదు. ఎక్కువ మోత చేసేది చెవికి మేలంటే ఎవరు నమ్ముతారు? ఎడమ భుజం మీద పెట్టుకుని నేనే కాల్చి చూస్తానన్నాను. అక్కాతమ్ముడు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డార్లా పుట్టకముందెప్పుడో కోళ్ళగూట్లో దూరిన నక్కని కొట్టిన తరవాత మళ్ళీ తుపాకి ముట్టలేదు నేను.

షాపు వెనక మట్టికట్ట ఉంది. రోండా నా చెవుల్లో బిరడాలు పెట్టి, పైన మూతలూ పెట్టింది. వెనక నిలబడి చంటిపిల్లని పట్టుకున్నట్టు నడుం పట్టుకుంది. మొదట నేను పక్కన పెట్టించిన డబ్బాతో కాల్చాను. ముందు టప్పుమంది, అంతే. కానీ కన్నంలోంచి వేడి పొగ వచ్చి కంట్లో కొట్టింది. కాసేపు నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నోట్లో చేదు. రెండోది గట్టిగా మోగింది, ఉలిక్కిపడ్డాను. కానీ కన్ను రెప్ప వెయ్యలేదు. మళ్ళీ మొదటిది బిగించమన్నాను. మళ్ళీ కన్ను మండింది. మళ్ళీ రెండోది. మండలేదు.

రెండోదే, అన్నాను. దాంతో కాల్చినా చెవులకి మూతలు ఉండాల్సిందేనని రోండా పదేపదే చెప్పింది. నాకు కాదమ్మా, ఆయనకి చెప్పు, అన్నాను.

మార్చి 26

డబ్బా కొనడానికీ సర్కారు అనుమతి కావాలట, దానికి వేళ్ళ ముద్రలివ్వడానికి రోండా దగ్గరికి వెళ్ళాను. నా వేళ్ళకి ముద్రలే లేవు. ఇన్నేళ్ళ అంట్లు, కోళ్ళు, కలుపు, అన్నీ అరగదీసేశాయి. రోండా క్రీము రాసి, రుద్ది, మళ్ళీ మళ్ళీ అద్దింది.

ఎవరి పేరు మీద, అని అడిగింది. నా పేరే అన్నాను. ఏదో చెప్పింది, మళ్ళీ అడిగింది. నా పేరే అన్నాను. ఇంకా ఏవేవో చెప్పింది, ట్రస్టని పెట్టుకుంటే ఇద్దరి పేర్లూ ఉంటాయనో ఏదో. నా మనసు పొయ్యి మీద పెట్టొచ్చిన బీన్స్ దగ్గరుంది. సరిగ్గా వినలేదు.

ఏప్రిల్ 2

సర్కారువాళ్ళు నా గురించి అంతా చూస్తారట. ఒకప్పుడు బండితో పక్క పొలం హాగ్లర్ వాళ్ళ గేటు ముందరి తపాలా డబ్బా పడగొట్టాను. మళ్ళీ పాతించి ఇచ్చాననుకో. అది రాసి ఉంటుందా?

ఏప్రిల్ 3

రాసి ఉండదు.

ఏప్రిల్ 10

మొన్నటిదాకా మూడు కేకలకి పలికేవాడు, ఇవాళ నాలుగో కేకకి పలికాడు. గాలి ఎదురుగా ఉంది, అందువల్లే కావచ్చు. సాయంత్రం బండి తీశాడు. నేను వంటింటి కిటికీ దగ్గర, గదిలో, మళ్ళీ కిటికీ దగ్గర. తుపాకి మోగితే, అమ్మో ఆ చెవి, అనుకుంటాను. మోగకపోతే, బండి వాగులో పడిందేమో అనుకుంటాను. ఫోన్ చేస్తే ఆయనకి వినబడదు. ఇంట్లో ఇలా తిరగలేక చస్తున్నా.

ఏప్రిల్ 21

నేల వెచ్చబడుతోంది. విత్తే రోజులు. డబ్బాకి అనుమతి ఇంకా రాలేదు.

మే 4

వచ్చింది. రోండా డబ్బాని కాగితాలతో సహా ఇచ్చింది. రుమాల్లో చుట్టి పిండి డబ్బాలో దాచాను. వెర్లన్ ఇవాళ విత్తడం ముగించాడు.

మే 5

పొద్దున్న కాఫీ కప్పు పక్కన పెట్టాను. ఏమిటిదన్నాడు. ముక్కు, అన్నాను. తిట్టడానికి నోరు తెరిచి, చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. ఇది ఎవరు ఏరారన్నాడు. నేనే అన్నాను. ఎడమ భుజం మీద పెట్టుకుని కాల్చి చూసే తెచ్చానన్నాను. నావైపు చాలాసేపు చూశాడు. పెళ్ళినాడైనా అంతసేపు చూడలేదు.

తరవాత కాగితం తీసి చదివాడు.

"దీని మీద నీ పేరుందేమిటి?"

"కొన్నది నేనేగా."

"ఒలీటా, ఎవరి పేరుంటే వాళ్ళు పక్కన ఉండాలి దీన్ని వాడాలంటే. నేనొక్కడినే పట్టుకెళ్తే నన్ను లోపల వేస్తారు. రోండా చెప్పలేదా నీకు?"

చెప్పిందేమో, బీన్స్ గొడవలో పడి వినలేదన్నాను. మరి తుపాకో, అన్నాను. అదీ అంతేనట. పొట్టిది కాబట్టి దానికీ సర్కారు అనుమతి కావాలి, అది ఆయన పేరు మీదుంది. ఆయన లేకుండా నేను దాన్ని బయటికి తీసుకెళ్ళకూడదు. నేను లేకుండా ఆయన దీన్ని తీసుకెళ్ళకూడదు.

పేరు మార్పించాలంటే మళ్ళీ కాగితాలు, మళ్ళీ ముద్రలు, మళ్ళీ ఎదురుచూపు. గింజలు మొలిచేదాకా పందులు ఆగవు. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకెవరూ చెయ్యరని అరిచాడు. అవును, పొరపాటైపోయిందన్నాను. పొరపాటే. కావాలని చేశానని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

మే 6

గుంపు వచ్చింది. వాగు పక్క సాళ్ళు తవ్వి పోశాయి. ఆయన టోపీ నేలకేసి కొట్టాడు.

"షూ వేసుకో" అన్నాడు.

మే 7

నిన్న సాయంత్రం సంగతి ఇవాళ రాస్తున్నా. ఇంటికొచ్చేసరికి బాగా పొద్దుపోయింది.

బండి పొలం అంచున పెట్టాం. ఆయన ఎడమ చెయ్యి తుపాకి మీద, మూతలు మెడలో. పెట్టుకోమన్నాను. పందులు వినబడవన్నాడు. నేను వింటా, నాకు వినబడతాయి, నీ భుజం మీద తడతా, అన్నాను. ఆలోచించి, పెట్టుకున్నాడు. నేనూ బిరడాలు సగం దూర్చి, ఇంకో సగానికి వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నా.

భయం పోయిందని రాయను. వాగు గట్టు జారుతుందేమో, సీటు కింద పాముందేమో, ఆయన గుండె ఆగుతుందేమో, అన్నీ అనుకున్నాను. కానీ అనుకుని పక్కకి చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు. ఇంట్లో కిటికీ దగ్గర నిలబడితే చూడటానికి ఆయన ఉండడు కదా.

పొద్దు వాలుతుండగా పొదలో గురగురమంది. బిరడాలు లోపలికి తోసి భుజం తట్టాను. ఎటు, అన్నట్టు చూశాడు. వేలు చూపించాను. కాల్చాడు. పెద్దది పడింది, మిగిలినవి వాగు దాటి పోయాయి. మోత ఉంది, లేదనను. కానీ ఇల్లంతా అదిరే ఆ మోత కాదు. ఆయన కన్ను చూశాను. నీళ్ళు లేవు.

మూతలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇదివరకు కాల్చిన తరవాత ఆ పూటంతా చెవిలో గంటలు మోగుతున్నాయని ఏం చెప్పినా చెయ్యి ఊపేసేవాడు. నిన్న తల ఎడమకి వాల్చి, కుడి చెవి ముందుకి పెట్టి, అన్నాడు:

"కౌజుపిట్ట కూసిందా ఇప్పుడు?"

కూసింది. నేను చెప్పలేదు. కంచె అవతల, అంత గట్టిగా కూడా కాదు.

"కూసింది" అన్నాను. అరవలేదు. మామూలుగా అన్నాను.

"అనుకున్నా" అన్నాడు.

మే 12

రోజూ వెళ్తున్నాం. ఆయన బండి గుంటలో దింపినప్పుడల్లా తలుపు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నా. నా సీట్లో ఎవరో దిండు పెట్టారు. ఎవరని అడగలేదు.

మే 16

రోండా కనబడింది. పేరు మార్పించే కాగితాలు సిద్ధం చెయ్యనా, అంది. చూద్దాంలే అన్నాను. నవ్వింది. వెర్లన్ మొన్నే వచ్చి అడిగాడట. ఎలా చెయ్యాలో అంతా చెబితే, తలూపి, చూద్దాంలే అని వెళ్ళిపోయాడట.

వినబడకే తలూపి ఉంటాడు. లేక వినబడిందో.

మే 19

మొలకలు వచ్చాయి, సాలంతా పచ్చగా. మొలకలొచ్చాక గింజల కోసం పందులు అంతగా రావు. ఇవాళ వెళ్ళక్కర్లేదనుకుని బూట్లు విప్పాను. మబ్బు పట్టింది, పిడుగు పడితే బండిలో ఇనుము, తుపాకి ఇనుము, డబ్బా ఇనుము, ఇంట్లోనే ఉండటం మంచిది.

బయట హారన్ కొడుతున్నాడు. ఆపి ఆపి కొడుతున్నాడు. నాకు వినబడలేదనుకుంటున్నాడు కాబోలు.